మాస్టరక్క గీసిన ఒంటి గీత

పోయిన నెల గుడియాత్తం నుంచి దారాల వ్యాపారి ఒకతను వేలూరు పక్కనే సత్తువాచారిలోని మా అంగడికి వచ్చాడు. దారపు ఉండల పెట్టె విప్పగానే నా అలవాటు ప్రకారం మొదలుపెట్టాను. రంగు వెలిసినట్టుందే, పోగు సన్నబడిందే, పోయినసారి తెచ్చింది ఇంతకన్నా నయంగా ఉండిందే అని. అతను మధ్యలో అందుకుని, "అమ్మా, మీ మాస్టరక్క పోయిందంట గదా, తెలిసినాదా?" అన్నాడు.

నాకు తెలియదు. నోట్లోంచి ఇంకో మాట రాలేదు. పాపం అతను దీన్ని కొత్తరకం బేరం అనుకున్నాడు. నేను ఎంతసేపు మాట్లాడకుండా ఉంటే అంతకంతకూ దిగొచ్చాడు. చివరికి, "ఇంగ దీని కింద దిగితే నేను నడిచి ఊరికి పోవాల్సిందే తల్లీ" అని పెట్టె నా ముందుకు నెట్టాడు. బుద్ధెరిగిన తర్వాత నేను నోరు మెదపకుండా గెలిచిన బేరం అదొక్కటే. ఆమె చూసుంటే పగలబడి నవ్వేది.

మాది రాయవేలూరు బజారులో గుడ్డలంగడి కుటుంబం. సరిగా మాటలు రాకముందే మూర వెయ్యడం వచ్చిన పిల్లని. మొదట చెప్పిన మాటకు ఒప్పుకోవడం మా ఇంట్లో అప్రతిష్ఠ. దేవుడికి కూడా ఒక టెంకాయ కొట్టి మూడు కోరికలు అడిగేవాళ్ళం. కలెక్టరాఫీసు ఉద్యోగినుల కోసమని నేను సత్తువాచారిలో రెడీమేడ్ జాకెట్ల అంగడి పెట్టినప్పుడు, ఈ తెలివితేటలన్నీ ఉన్నాయి కదా, చాలుననుకున్నాను. జాకెట్లు పోయినంత వేగంగానే తిరిగొచ్చాయి. చంకలో పట్టేస్తోందని ఒకరు, భుజం జారుతోందని ఇంకొకరు. గుడ్డ గురించి అన్నీ తెలుసుగానీ, గుడ్డ లోపల ఒక మనిషి ఉంటుందన్న సంగతి మాకెవరూ నేర్పలేదు. కోత నేర్చుకుందామని అడిగితే, గుడియాత్తంలో ఒకామె కాగితం మీద నేర్పుతుందని చెప్పారు.

వెళ్ళాను. మగ్గాల చప్పుడు వినిపించే సందులో, ముందుగది ఒకటే ఉన్న ఇల్లు. గోడకు సిలువ, దాని కింద మేకులకు వేలాడుతున్న కాగితాల కట్టలు. నలుగురైదుగురు ఆడవాళ్ళు నేల మీద కూర్చుని అరవ పేపర్లు పరుచుకుని గీతలు గీస్తున్నారు. మధ్యలో పొట్టిగా, మెడలో టేపు, నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఒకామె. ఊరంతా మగ కటింగు మాస్టర్లే ఉన్న చోట ఈమెను మాస్టరక్క అనేవాళ్ళు.

"ఎన్నాళ్ళు పడుతుంది?" అని అడిగాను.

సూదులు తీసి, "ఆరు వారాలు" అంది.

"నేను తొందరగా పట్టేస్తానక్కా. మూడు వారాలు చేసుకో."

"ఏం తల్లీ, అన్నం ఉడికేదానికి గూడా బేరం ఆడతావా?"

"నాలుగు?"

నా మొహం కాసేపు చూసింది. "లేదులే, నువ్వు మూడన్నావు గదా. మూడే. అంగడమ్మ మాట ఎందుకు పోనిచ్చేది" అంది. అంత సులువుగా ఒప్పుకున్నవాళ్ళ దగ్గర జాగ్రత్తగా ఉండాలని మా నాన్న నేర్పిన పాఠం, ఆ రోజు గెలిచిన సంతోషంలో గుర్తు రాలేదు. అప్పట్నుంచి నా పేరు అంగడమ్మే.

ఆమెకు అక్షరాలు రావు. నోటి నిండా మా పక్క తెలుగు, దాంట్లో సగం అరవం. రాయడం మాత్రం రెండిట్లోనూ రాదు. టేపు మీద అంకెలు వచ్చు. అవిగాక వచ్చినవన్నీ గుర్తులే. వయసులో ఉన్నప్పుడు బయటి దేశాలకు బట్టలు పంపే ఫ్యాక్టరీలో పనిచేసిందట. అక్కడికొచ్చే కాగితాల మీద ఏ దేశపు రాతలో ఉండేవి, సూపర్వైజర్లే తలలు గోక్కునేవాళ్ళు. ఈమె మాత్రం రాతల జోలికి పోకుండా గుర్తులు చూసి కోసేసేది.

"రాత ఊరికొకటి ఉంటాది అంగడమ్మా. బాణం మాత్రం అందరికీ ఒకటే" అనేది.

మొదట ఆ బాణమే నేర్పింది. రెండు కొసలా మొనలున్న నిలువు గీత. గుడ్డలో పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగు, ఎటు పోతే బాణం అటు పడుకోవాలి. గుడియాత్తంలో నేతగాళ్ళ మధ్య పుట్టిన ఆడవాళ్ళకు పడుగంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. గుడ్డలు అమ్ముకుని బతికిన నాకే చెప్పాల్సి వచ్చింది. గట్టి గీత కత్తెరకు, చుక్కల గీత సూదికి. రెండిటి మధ్య కుట్టుకు వదిలే అంచు. అంచులో చిన్న గాటు పెడితే, ఈ ముక్క గాటూ ఆ ముక్క గాటూ కలవాలని. గుడ్డను లోపలికి నొక్కి గుండెకు గుండ్రం తెచ్చే డాటుకు సన్నటి త్రికోణం. కొసలు వంగిన గీత ఉంటే, అక్కడ మడత, కత్తెర పెట్టకూడదు. ఎన్ని ముక్కలు కొయ్యాలో చెప్పేచోట ఫ్యాక్టరీ కాగితాల మీద ఏదో రాసుండేదట. ఈమె దాని బదులు చిన్న గీతలు పెట్టుకుంది. రెండు గీతలుంటే గుడ్డ రెండు పొరలేసి, కుడీ ఎడమా జతగా కొయ్యాలి. ఒంటి గీతయితే ఒక్క పొర మీద, ఒక్కటే ముక్క.

నోట్లో సూదులున్నప్పుడు ఆమె మాటంతా ముక్కులోంచి వచ్చే "ఊఁ". పొట్టి ఊఁ అంటే సరే. పొడుగు ఊఁ అంటే విప్పు. మధ్యలో విరిగిన ఊఁ అంటే, ఆ పేపరు చుట్టి పొయ్యిలో పెట్టెయ్యి. మూడు వారాల్లో నేను ఎక్కువ విన్నది మూడోదే.

ఒకసారి నా అంగడి రక్తం ఊరుకోక, నేర్చుకునేదానికి ఇచ్చిన గుడ్డలో మిగిలిన మూలలో ఇంకో చెయ్యి వస్తుంది కదా అని కాగితాన్ని కొంచెం ఏటవాలుగా పెట్టి కోసేశాను. బాణం పక్కకు ఒరిగింది. కొంచెమేగా! మాస్టరక్క దాన్ని చూసింది. కుట్టించింది, తడిపి ఆరేయించింది, మర్నాడు నన్నే తొడుక్కోమంది. మధ్యాహ్నానికి కుడిచేతి కుట్టు మెలితిరిగి మోచేతి మీదికి వచ్చింది. నేను లాగుతాను, అది తిరుగుతుంది. చూసేవాళ్ళంతా నవ్వుతున్నారు.

"గుడ్డకి జ్ఞాపకం జాస్తి అంగడమ్మా. నువ్వు మోసం చేసినావని మర్చిపోదు" అంది.

ఆమె దగ్గర ఇంకో పద్ధతి ఉండేది. ఎవరి కొలతా పైకి చెప్పదు. మామూలు దర్జీలు కొలుస్తూ అంకెలు అరుస్తారు, పక్కనున్నవాళ్ళు రాసుకుంటారు, వీధిలో పోయేవాళ్ళూ వింటారు. ఈమె తెర లాగి, లోపల ఇద్దరే ఉండి కొలిచేది. బయటికొచ్చి నేరుగా కాగితం మీద గీతలుగా పెట్టేసేది. ఎవరి కాగితం మీద వాళ్ళ గుడ్డ పేలిక ఒకటి దారంతో కట్టి మేకుకు తగిలించేది. "ఎవరిదక్కా ఇది, నడుం ఇంత ఉంది?" అని నేను నోరు జారితే సూదులు లేకుండానే మూడో ఊఁ వినిపించేది. ఆడదాని కొలత యేసయ్యకూ కత్తెరకూ తెలిస్తే చాలునని ఆమె సిద్ధాంతం. ఆదివారం యేసయ్యకు మాత్రమే. ఆ రోజు టేపు ముట్టదు.

నా మూడో వారం చివర్లో, ఒక బుధవారం, ఒక ఆయా వచ్చింది. కే.వి.కుప్పం మనిషి, మా తెలుగే. గుడియాత్తంలో ఒక బడిలో చిన్నపిల్లల ఆయా. మూడు నెలలు సెలవులో ఉండి సోమవారం తిరిగి పనిలోకి వెళ్ళాలి. బడివాళ్ళిచ్చే గంధం రంగు చీరకు వచ్చిన జాకెట్టు ముక్క తెచ్చుకుంది. అది ఒక్కటే ముక్క, మళ్ళీ చీరలిచ్చేది వచ్చే ఏడు. అప్పటికి నాకు తెలిసింది ఇంతే. తెర వెనక జరిగిన మాట నాకు శనివారం సాయంత్రం గానీ తెలియలేదు, మీకు ముందే చెబుతున్నాను. వేలూరు ఆస్పత్రిలో ఆమెకు ఎడమ రొమ్ము తీసేశారు. బడిలో ఎవరికీ చెప్పలేదు. పైట కప్పుకుని తిరగొచ్చుగానీ, పరిగెత్తుకొచ్చి మీద పడే పిల్లల్ని పైటతో ఆపడం కుదరదు. ఎవరి కళ్ళూ అక్కడ ఆగకుండా నిలబడే జాకెట్టు సోమవారానికి కావాలి. లేకపోతే ఆ గేటు లోపలికి పోలేనని మాస్టరక్క చేతులు పట్టుకుని చెప్పిందట.

గురువారం, శుక్రవారం మాస్టరక్క ఆ కాగితం గీసింది. గీసింది చించింది, మళ్ళీ గీసింది. శనివారం పొద్దున గుడ్డా, కాగితాలూ నా ముందు పెట్టింది.

"నీ మూడు వారాలు అయిపోయినాయి. ఇది నువ్వు కొయ్యి. నన్ను ఏమీ అడగొద్దు. గుర్తులే చెప్తాయి" అని, చర్చిలో ఎవరిదో పెళ్ళి ఉంటే వెళ్ళిపోయింది.

కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళ గుడ్డ మీద నన్ను కత్తెర పెట్టనివ్వడం అదే మొదలు. గర్వంతో కాగితాలు పరిచాను. జాకెట్టు ముందు భాగానికి కుడి ముక్క ఒకటి, దాని మీద ఒంటి గీత. ఎడమ ముక్క ఇంకొకటి, దాని మీదా ఒంటి గీతే. కుడి ముక్కకు డాట్లున్నాయి. ఎడమదానికి డాట్లు పొట్టిగా ఉన్నాయి, లోపల చుక్కల గుండ్రం ఒకటి, చంక దగ్గర వంపు కూడా వేరు. ఎప్పుడూ ఒక ముక్క గీసి జత కోసేదానికి రెండు కాగితాలెందుకు? ముసలావిడ తప్పు గీసిన కాగితం తీసెయ్యడం మరిచిపోయిందని తేల్చేశాను. పోనీలే, మనం సర్దుదాం. కుడి ముక్క మీది ఒంటి గీత పక్కన ఇంకో గీత నేనే పెన్సిలుతో పెట్టాను. గుడ్డను రెండు పొరలు వేసి, కుడీ ఎడమా ఒక్క కోతతో కోసేశాను. జానెడు గుడ్డ మిగిలింది కూడా. ఆమె రాగానే చూపించి మెప్పు పొందాలని మడిచిపెట్టాను.

ఆమె వచ్చి ముక్కలు చూసింది. కాగితం చూసింది. నా పెన్సిలు గీత మీద బొటనవేలు పెట్టి రుద్దింది. సూదులు లేవు, ఊఁ లేదు. మెల్లగా గోడకు ఆనుకుని కూర్చుంది.

"అక్కా, ఆ రెండోది తప్పు కాగితమనుకుని..."

"మిగిలిన ముక్క ఎంత?"

చూపించాను. సరిపోదు. కొత్త ఎడమ ముక్కకు కావాల్సింది దానికి రెట్టింపు.

"చీర నడుం కాడ లోపలికి దోపుకునే కొసలో మూరెడు తీసినా ఎవరికీ తెలీదు. చీర ఆ యమ్మ కాడుండాది. పోయి అడిగి తీసుకురా" అంది.

"ఏం చెప్పేది?"

"కోసింది చెప్పు."

కే.వి.కుప్పం బస్సులో కూర్చున్నంతసేపూ నేను నిజం చెప్పకుండా చీర ఎలా రాబట్టాలా అని మాటలు పేర్చుకున్నాను. పుట్టుబుద్ధి. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు, భర్త మేస్త్రీ, వాకిట్లో ఇసుక కుప్ప ఉంది. ఆయా ఎడమ చేతిని దిండు మీద పెట్టుకుని కూర్చుని ఉంది. చెయ్యి మోచేతి పైన బాగా వాచి ఉంది.

"ఏం లేదమ్మా, చీర పొడుగు కొంచెం ఎక్కువుందేమో, కొస తీస్తే నీకు నడవడానికి..." అని మొదలుపెట్టాను.

"యాడ తప్పు పోయినాదో చెప్పక్కా" అంది.

చెప్పాను. రెండు వైపులా ఒకటిగా కోసేశానని, ఎందుకు వేరువేరుగా గీసిందో తెలియలేదని.

ఆమె నా మొహంలోకి చూసింది. నాకు నిజంగా తెలియదని అర్థమైనట్టుంది. "అక్క నీకు గూడా చెప్పలేదా! ఎడమ పక్క తీసేసినారక్కా ఆస్పత్రిలో" అంది.

నేను నేల చూశాను. కాసేపటికి ఏదో చప్పుడైతే తలెత్తాను. ఆమె నవ్వుతోంది. పైట నోటికడ్డం పెట్టుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వుతోంది.

"రెండు పక్కలా ఉండేట్టు కోసినావా? అయితే ఆ దేవుడికన్నా నువ్వే మేలక్కా!"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాననుకుంటాను. ఆమె లేచి పెట్టెలోంచి చీర తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"సోమవారం పోలేకుంటే వేరేదాన్ని పెట్టుకుంటామనినారు. పని పోతే ఇంగో పని దొరుకుతాదిలే. ఆ పిల్లోళ్ళు యాడ దొరుకుతారు? కోసుకో. నీ చేత్తోనే కొయ్యి. తప్పు చేసినోళ్ళకే జాగర్త ఉంటాది."

తిరిగొచ్చేసరికి మాస్టరక్క ఎడమ ముక్క కాగితాన్ని బాణం సరిచూసుకుని పరిచి కూర్చుంది.

"చెప్పినాదా?"

"చెప్పింది. నువ్వు ముందే ఒక్క మాట చెప్పుంటే..."

"చెప్పుంటే జాగర్తగా కోసేదానివి. కానీ ఆ యమ్మ ఈ వాకిట్లో అడుగుపెట్టినప్పుడు మొగం చూడవు, రైక వైపే చూస్తావు. నువ్వు చెడ్డదానివని కాదు. కండ్లు ఆడికే పోతాయి, అంతే." పరిచిన కాగితాన్ని అరచేత్తో చదును చేసింది. "నాదీ తప్పుండాది. ఆరు వారాల పనికి మూడుకే ఒప్పుకున్నాను. నీకు బుద్ధి చెప్దామని. ఆ బుద్ధి ఆ యమ్మ రైక మీద చెప్పబోయినాను."

నేను కోశాను. ఒంటి గీత, ఒక్క పొర. అప్పుడుగానీ ఆ కాగితం నాకు చదవడం రాలేదు. చంక వంపు వేరుగా ఉన్నది గాయం మచ్చ ఒరుసుకోకుండా. ఎడమ చేతికి వేలెడు వదులు ఎక్కువ, వాచిన చేతికి. లోపల చుక్కల గుండ్రం ఆమె చెరపడం మరిచిన గీత అనుకున్నానే, అది జేబు. పొట్టి డాట్లు దానికే. పాత నూలుచీర మెత్తటి పేలికల్లో దూదీ, బరువుకు గుప్పెడు ఆవాలూ పెట్టి మాస్టరక్క దిండులాంటిది కుట్టింది. ఉతికేటప్పుడు జేబులోంచి తీసెయ్యొచ్చు. బరువు లేకపోతే నడిచేటప్పుడు పైకి ఎగబాకుతుందట. ఆవాల్ని అరచేతిలో ఆడిస్తూ, ఇంకొన్ని వేసి, మళ్ళీ రెండు చిటికెలు తీసి, బంగారం తూచేవాళ్ళకన్నా ఎక్కువ సేపు తూచింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఆయా వచ్చింది. ఆదివారం కొలవనన్నావు కదా అని నేనంటే మాస్టరక్క, "ఇది కొలిచేది కాదు, చూసేది" అని తెర లాగింది. నన్ను కూడా లోపలికి రమ్మంది. ఆయా తలూపింది. జాకెట్టు తొడిగాక మాస్టరక్క టేపు తీయలేదు. బియ్యం సంచిలో సగం బియ్యం పోసి ఆమెకిచ్చింది.

"ఎత్తుకో. పిలకాయనుకో."

"బిడ్డ ఇంత బరువుంటాడా అక్కా?"

"మీ బడిలో ఇడ్లీలు పెడతారని విన్నానులే."

ఆయా కుడి చంకన పెట్టుకుంది, వంగింది, లేచింది. తర్వాత అద్దంలో చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. "మెడ ఇంకొంచెం దించుండొచ్చు" అంది. మాస్టరక్క నన్ను చూసి కన్ను కొట్టింది. మెడ గురించి పేచీ పెట్టే ఆడదానికి ఇంక భయం లేదని తర్వాత చెప్పింది.

అలా చెప్పింది గానీ ఆ రాత్రి నిద్రపోయినట్టు లేదు. సోమవారం పొద్దున నేను వేలూరు నుంచి వచ్చేసరికి బస్టాండులోనే నిలబడి ఉంది. "పా, సీక్రం" అని తొందరపెడుతూ చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. బడి గేటుకు ఎదురుగా పూలంగడి పక్కన నిలబడ్డాం. ఆయా బస్సు దిగింది. గేటు దగ్గర ఒక క్షణం ఆగింది. లోపల్నుంచి ఎవరో చూసి కేక పెట్టారు, అంతే, ఎనిమిది పది మంది పిల్లలు పరిగెత్తుకొచ్చి ఆమె నడుమును, కాళ్ళను, చీర కుచ్చిళ్ళను పట్టుకుని వేలాడారు. ఒకడు చేతులు చాచాడు. ఆమె వంగి ఎత్తుకుంది. వాడు ఆమె ఎడమ భుజం మీద తల పెట్టేశాడు. పక్కనున్న టీచరు ఏదో అడిగింది, ఆయా నవ్వుతూ ఏదో చెప్పింది. టీచరు చూపు ఆమె మొహం మీద నుంచి కదల్లేదు.

"నాకు దూరానివి మసకలే. చెప్పు" అంది మాస్టరక్క. నా మోచేతిని గట్టిగా పట్టుకుంది. "రైక యెట్ల కూర్చునినాది?"

మా అంగట్లో అద్దం ముందు నిలబడిన ప్రతి ఆడమనిషికీ నేను చెప్పే మాట ఒకటుంది, మీకోసమే కుట్టినట్టుందమ్మా అని. అది నాలుక చివరికి వచ్చేసింది. ఆ ముసలామె మొహం చూశాక నోరు రాలేదు.

"బాగుందక్కా. పిల్లోడు భుజం మీద పడుకున్నాడు, ఎవరూ చూడటం లేదు. కానీ ఎత్తుకున్నప్పుడు వీపు మీద ఎడమ పక్క అర వేలు లాగుతోంది."

"అర వేలేనా?"

"అర వేలే."

ఆమె పట్టు సడలింది. ఆయా అప్పటికే పిల్లల్ని తోలుకుంటూ లోపలికి పోతోంది. మాస్టరక్క నా చెయ్యి వదిలి గబగబా ఇంటి వైపు నడవడం మొదలుపెట్టింది.

"రా, సాయంత్రం పిలిపించి వీపు కుట్టు విప్పి వదులుదాం. నాలుగు దినాలు పోతే ఆ లాగుడికి ఒళ్ళు అలవాటు పడిపోతాది. అదే సరి అనుకుంటాది."